అంతశ్శాంతి - ఆత్మబలము

శాంతి యనగానే మనకు ముందుగా తోచునది విశ్రాంతి. పగటి పనియంతయు ముగిసి, పిల్లలు నిద్రించి, వీధిలోని సందడి అణగిన పిమ్మట దొరకు నిశ్శబ్దమునే మనము శాంతి యనుచుందుము. అప్పు తీరినచో శాంతి, వ్యాజ్యము తెగినచో శాంతి, రోగము నయమైనచో శాంతి. ఇట్లు మన శాంతి యెల్లప్పుడును రేపటి దినముమీదనే ఆధారపడియుండును. ఇక బలమనగానే తోచునది దీనికి పూర్తిగా వేరైన భావము: పట్టుదల, పౌరుషము, పోరాటము. ఈ రెండును ఒకచోట ఇమడవని మన తలంపు. శాంతముగా నుండువానిని చూచి, 'పాపము, మంచివాడు, లోకము తెలియనివాడు' అని జాలిపడుటయు కద్దు.

క్రైస్తవ జీవితమున ఈ రెండింటికిని గల సంబంధము ఇట్టిది కాదు. అచట శాంతి యనునది కష్టములు తీరిన పిమ్మట ముట్టు బహుమానము కాదు. కష్టములను మోయుటకు ముందుగానే అందు బలము. ఈ మాట వినుటకు ఇంపుగానే యున్నది. కాని ఇది ఉపదేశములలో మాత్రమే నిజమా, లేక ప్రాణములమీదికి వచ్చినప్పుడును నిజమేనా? కష్టములో నున్న ఏ కుటుంబమైనను అడుగదగిన ప్రశ్న యిది. దీనికి వాదములతో జవాబు చెప్పుటకంటె, చరిత్రలో జరిగిన ఒక సంఘటనను, దాని ముందు వెనుకలను పాఠకుల యెదుట నుంచుట మేలని మేము తలంచుచున్నాము.

అంతకు ముందు మాటల యర్థమును కొంచెము విచారింతము. తెలుగు బైబిలులో ఈ భావమునకు 'శాంతి' యనియు, 'సమాధానము' అనియు రెండు మాటలు వాడబడినవి. శాంతి యనగా అణగుట, చల్లారుట. సమాధానమనగా మన వాడుకలో ప్రశ్నకు చెప్పు జవాబు. కాని సంస్కృతమున దాని మూలార్థము, చెదరినవానిని ఒకచోట చక్కగా కూర్చి నిలుపుట. వేదాంత గ్రంథములలో చెప్పబడు శమదమాది షట్క సంపత్తిలోను సమాధానము ఒకటి. అచటను చిత్తమును చెదరనీయక ఒకచోట నిలుపుటయే దాని యర్థము. పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలో దీనికి మూలమైన మాట 'షాలోమ్'. యూదులు నేటికిని ఒకరినొకరు పలుకరించుకొను మాట యిదియే. కలహము లేకుండుట మాత్రమే దాని యర్థము కాదు. కొరత లేకుండుట, పగిలినది తిరిగి ఒకటియగుట, సంపూర్ణముగా నుండుట అను నర్థములన్నియు అందు ఇమిడియున్నవి. 'నిండు కుండ తొణకదు' అను మన సామెత దీనికి మిక్కిలి దగ్గరగా నున్నది. కుండ తొణకకుండుటకు కారణము దానినెవరును కదలింపకుండుట కాదు, అది నిండియుండుట.

అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పట్టణములోని విశ్వాసులకు వ్రాసిన లేఖలో ఈ శాంతికిని బలమునకును గల సంబంధము స్పష్టముగా కనబడును. ఆ లేఖను వ్రాయునాటికి ఆయన బంధకములలో నుండెను. ఫిలిప్పీ మాసిదోనియ దేశములోని రోమనుల వలస పట్టణము. సేననుండి విశ్రమించిన సైనికులకు అచట భూములిచ్చి కాపురముంచియుండిరి. అట్టి ఊరివారికి వ్రాయుచు ఆయన, దేవుని సమాధానము వారి హృదయములకు కావలి యుండునని చెప్పెను. ఆయన వాడిన గ్రీకు క్రియ, పట్టణమును కాచు సేనాదళమునకు చెల్లునట్టిది. సైనికుల కుటుంబములు నిండియున్న ఆ యూరిలో ఆ మాటలోని ధ్వని యెవరికిని తప్పిపోయి యుండదు. సామాన్యముగా మనము మన శాంతిని కాపాడుకొనుటకై పాటుపడుదుము. దానిని చెరచునేమోయని ప్రతి వార్తకును, ప్రతి మనుష్యునకును జంకుదుము. పౌలు చెప్పిన సంగతి దీనికి విపర్యయము. మనము కాపాడవలసినది కాదు ఆ శాంతి. అదియే మనలను కాపాడునది.

యేసు ప్రభువు తన శిష్యులకు శాంతిని వాగ్దానము చేసిన సమయమును గూడ గమనింపవలెను. యోహాను సువార్తనుబట్టి అది ఆయన పట్టుబడిన రాత్రియే. తెల్లవారునప్పటికి తన గతి యేమి కానున్నదో ఎరిగియే ఆయన ఆ మాట చెప్పెను. గలిలయ సముద్రముపై తుపాను చెలరేగి, పడవలో నీరు నిండుచుండగా, ఆయన పడవ వెనుక భాగమున నిద్రించుచుండెనని మార్కు సువార్త తెలుపుచున్నది. క్రైస్తవులు శాంతి యను మాటను పలికినప్పుడెల్ల ఆ రాత్రియు, ఆ పడవయు దాని వెనుక నుండును.

ఇక మేము చెప్పదలచిన సంఘటన మరియొక ఓడకు సంబంధించినది. 1735 అక్టోబరు నెలలో 'సిమ్మండ్స్' అను ఓడలో జాన్ వెస్లీ అను యువ ఆంగ్ల గురువు, క్రొత్తగా వెలసిన జార్జియా వలస రాజ్యమునకు బయలుదేరెను. అప్పటికాయనకు ముప్పదిరెండేండ్లు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున గొప్ప విద్వాంసుడు, అచటి లింకన్ కళాశాలలో సభ్యత్వము గలవాడు, గురుపట్టము పొందినవాడు. ఓడలోను ఆయన నియమము తప్పలేదు. వేకువ నాలుగు గంటలకే లేచి ప్రార్థించును. అటుపిమ్మట గ్రంథ పఠనము, బోధ, రోగుల పరామర్శ. క్షణమైనను వృథాగా పోనీయడు. భక్తికి కావలసిన సాధన సామగ్రి యంతయు ఆయనయొద్ద కలదు. లేనిది ఒక్కటే: శాంతి. సముద్రము పొంగినప్పుడెల్ల తనకు మరణభయము కలుగుచున్నదని ఆయన తన దినచర్యలో దాపరికము లేకుండ వ్రాసికొనెను.

ఆ ఓడలోనే ఇరువది ఆరుగురు జర్మనులు ప్రయాణము చేయుచుండిరి. వారు మొరేవియన్ సహోదర సంఘమునకు చెందినవారు. డేవిడ్ నిచ్‌మన్ అను అధ్యక్షుడు వారికి పెద్ద. వారితో మాటాడుటకై వెస్లీ ఓడలోనే జర్మను భాష నేర్వ నారంభించెను. ఆయన దృష్టిని మొదట ఆకర్షించినది వారి బోధ కాదు, వారి పని. తక్కిన ప్రయాణికులు నీచమని తలంచి ముట్టనొల్లని సేవలను వారు తామే చేయుచుండిరి, ప్రతిఫలమిచ్చినను పుచ్చుకొనకుండిరి. ఎవరైనను త్రోసినను, కొట్టినను, లేచి తమ దారిని పోవుచుండిరేకాని నోట ఒక్క నిష్ఠురపు మాట వచ్చుట లేదు. వీరి గర్వము అణగినది, కోపము అణగినది. భయము గూడ అణగినదా లేదా యని పరీక్షించు నవకాశము త్వరలోనే దొరకెనని వెస్లీ వ్రాసియున్నాడు.

1736 జనవరి 25వ తేది, ఆదివారము. ఆ ప్రయాణములో ఘోరమైన తుపాను ఆనాటిది. సాయంకాలము ఏడు గంటలకు వెస్లీ ఆ జర్మనుల ఆరాధనకు వెళ్లెను. వారు కీర్తన పాడుచు ఆరాధన ప్రారంభించిరి. ఇంతలో ఒక గొప్ప అల విరుచుకొనిపడి పెద్ద తెరచాపను తునాతునకలు చేసి, ఓడనంతటిని కప్పి, అంతస్తుల నడుమకు నీటిని వరదవలె క్రుమ్మరించెను. సముద్రము తమ్ము మ్రింగివేసినదనియే అందరు తలంచిరి. ఆంగ్లేయులలో భయంకరమైన ఆర్తనాదములు బయలుదేరెను. జర్మనులు మాత్రము తలయెత్తి చూచి, మరల నెమ్మదిగా తమ కీర్తనను కొనసాగించిరి. తరువాత వెస్లీ వారిలో నొకరిని కలిసికొని, 'మీకు భయము కలుగలేదా?' యని యడిగెను. లేదని జవాబు వచ్చెను. అంతటితో తృప్తిపడక, స్త్రీలకును పిల్లలకును సైతము భయము కలుగలేదా యని మరల అడిగెను. తమ స్త్రీలును పిల్లలును మరణమునకు వెరవరని ఆ మనుష్యుడు సౌమ్యముగా బదులు చెప్పెను.

ఈ రెండవ ప్రశ్నలోనే వెస్లీ సూక్ష్మబుద్ధి కనబడుచున్నది. ఒక్కడు వెరవకుండుటకు అతని స్వభావమే కారణము కావచ్చును. కొందరు పుట్టుకతోనే ధైర్యవంతులు. కాని స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి ఒక సమూహమంతయు ఒకే రీతిగా నిబ్బరము చూపినచో దానికి స్వభావము చాలిన కారణము కాదు. ఆ బలము ఎచటినుండియో వారికి అందుచుండవలెను.

అది ఎచటినుండి వచ్చెనో తెలిసికొనుటకు మనము కొంత వెనుకకు పోవలెను. బొహీమియా దేశమున జాన్ హస్ అను సంస్కర్త 1415లో సజీవ దహనము చేయబడెను. ఆయన మార్గము ననుసరించినవారిలో కొందరు 1457లో ఒక సహోదర సంఘముగా ఏర్పడిరి. 1620 తరువాత ఆ దేశమున వారికి నిలువ నీడ లేకపోయెను. ఇంచుమించు నూరేండ్లు తమ విశ్వాసమును ఇండ్లలో రహస్యముగా కాపాడుకొన్న కుటుంబములు 1722లో సరిహద్దు దాటి జర్మనీలోని సాక్సనీ ప్రాంతమునకు చేరిరి. అచట జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు తన జమీనులో వారికి ఆశ్రయమిచ్చెను. వారు కట్టుకొన్న గ్రామము హెర్న్‌హూట్. అనగా ఆనాడు ఓడలో పాడిన వారిది కష్టమెరుగని జాతి కాదు. ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న జాతి.

ఆ గ్రామములో మొదటినుండియు శాంతి యుండెనని తలంచుట గూడ పొరపాటు. వివిధ ప్రాంతములనుండి, వివిధ సంఘములనుండి వచ్చిన ఆ కాందిశీకులు సిద్ధాంతములనుగూర్చియు, ఆరాధన పద్ధతులనుగూర్చియు తీవ్రముగా కలహించుకొనిరి. ఐదేండ్లలోనే గ్రామము చీలిపోవు స్థితికి వచ్చెను. జిన్‌జెన్‌డార్ఫ్ ఇంటింటికి తిరిగి వారితో మాటాడెను. 1727 మే నెలలో అందరును కలిసి జీవించుటకు కొన్ని నియమములను అంగీకరించిరి. ఆ యేడు ఆగస్టు 13న బెర్తెల్స్‌డార్ఫ్ దేవాలయమున ప్రభు భోజనములో పాల్గొన్నప్పుడు వారి హృదయములు కరగి, ఒకరినొకరు క్షమించుకొని, ఏకమైరి. ఆ నెలలోనే ఇరువదినలుగురు పురుషులును ఇరువదినలుగురు స్త్రీలును గంటల వంతున పంచుకొని, రాత్రింబవళ్లు ఎడతెగని ప్రార్థన నారంభించిరి. అది నూరేండ్లకు పైగా సాగెను. 1728 మొదలుకొని ప్రతి దినమునకు ఒక వాక్యమును ఏర్పరచి ఇంటింట అందించు పద్ధతి వచ్చెను. 1731 మొదలుకొని ఆ దినవాక్యములు గ్రంథముగా అచ్చు పడుచున్నవి. నేటికిని వెలువడుచునే యున్నవి.

దీనినిబట్టి మనకు తెలియునదేమి? తుపానులో కనబడిన శాంతి తుపానులో పుట్టినది కాదు. అది ఎనిమిదేండ్లుగా ప్రతి యుదయమును వినిన వాక్యమునుండి, కోపము దిగమ్రింగి చేసికొన్న సమాధానమునుండి, పొరుగువాని మురికి పాత్ర కడిగిన చేతులనుండి కొంచెము కొంచెముగా కూడినది. వానకాలమున నిండిన చెరువు వేసవిలో పంటను కాపాడును. వేసవి వచ్చిన పిమ్మట చెరువు త్రవ్వనారంభించినవానికి ప్రయోజనము లేదు. ఆరాధన మధ్య అల విరుచుకొని పడినప్పుడు వారు క్రొత్తగా ధైర్యమును వెదకికొనలేదు. చేయుచున్న పనిని కొనసాగించిరి, అంతే.

మరి వెస్లీ సంగతి యేమైనది? ఒడ్డు చేరిన వెంటనే స్పాంగెన్‌బర్గ్ అను మొరేవియన్ పెద్దను ఆయన కలిసికొనెను. ఆ పెద్ద ఆయనను సూటిగా కొన్ని ప్రశ్నలడిగెను. క్రీస్తును ఎరుగుదువా యని ప్రశ్నింపగా, ఆయన లోకరక్షకుడని యెరుగుదునని వెస్లీ బదులు చెప్పెను. అది నిజమే, నిన్ను రక్షించినాడని యెరుగుదువా యని ఆ పెద్ద మరల అడిగెను. వెస్లీ ఏదో జవాబు చెప్పెను గాని, తన మాటలు వట్టివని తనకే తోచెనని దినచర్యలో వ్రాసికొనెను. జార్జియాలో ఆయన సేవ ఫలింపలేదు. కఠిన నియమములవలన జనులకు దూరమయ్యెను. తగవులలో చిక్కి, న్యాయస్థానమున అభియోగములకు గురియై, 1737 డిసెంబరులో ఆ దేశము విడిచిపోవలసి వచ్చెను. అంత విద్య, అంత నియమము, అంత శ్రమ ఉండియు బలము చాలలేదు. తన శ్రమచేత దేవుని మెప్పు సంపాదింపవలెనని పాటుపడువాడు ఎన్నడును విశ్రమింపలేడు. ఎంత చేసినను చాలునో చాలదో యను సందేహము అతని బలమునంతటిని హరించును.

1738 ఫిబ్రవరిలో లండనున పీటర్ బోలర్ అను మరియొక మొరేవియన్ సహోదరుడు ఆయనకు పరిచితుడయ్యెను. విశ్వాసము మన సంపాదన కాదనియు, దేవుడు ఉచితముగా నిచ్చు వరమనియు బోలర్ ఆయనకు నచ్చజెప్పెను. ఆ యేడు మే 24వ తేది సాయంకాలము, ఆల్డర్స్‌గేట్ వీధిలోని ఒక చిన్న కూటమునకు వెస్లీ అంతగా ఇష్టము లేకయే వెళ్లెను. అచట ఒకరు, రోమీయులకు వ్రాసిన పత్రికపై మార్టిన్ లూథరు రచించిన పీఠికను చదువుచుండిరి. రాత్రి సుమారు తొమ్మిది గంటలకు పావుగంట ముందు, తన హృదయములో ఒక వెచ్చదనము కలిగెననియు, క్రీస్తు తన పాపములనే తీసివేసెనను నిశ్చయము కుదిరెననియు ఆయన వ్రాసికొనెను. సందేహములు ఆ రాత్రియే మరల వచ్చెను, తరువాతను వచ్చుచుండెను. కాని మునుపు పోరాటములో తరచుగా ఓడుచుంటిననియు, ఇప్పుడు గెలుచుచున్నాననియు ఆయన గ్రహించిన భేదము. శాంతి వచ్చిన పిమ్మట పోరాటము ఆగలేదు. పోరాడుటకు నిలువ చోటు దొరకెను.

ఇచట ఒక అపోహను తొలగింపవలసియున్నది. రెండేండ్లు గడవకముందే లండనులోని ఫెటర్ లేన్ సంఘములో ఒక వివాదము పుట్టెను. పూర్ణ విశ్వాసము కలుగువరకు ప్రార్థన, ప్రభు భోజనము, సత్కార్యములు మొదలగునవన్నియు మాని, నిశ్చలముగా కనిపెట్టుకొని యుండవలెనని మొరేవియన్లలో కొందరు బోధింపసాగిరి. తనకు శాంతిమార్గము చూపిన వారే ఇట్లు చెప్పినను వెస్లీ దాని నంగీకరింపలేదు; 1740 జూలైలో ఆ సంఘమును విడిచెను. ఆయన అభిప్రాయమున దేవుడు శాంతి నిచ్చునది మనుష్యుడు చేతులు ముడుచుకొని కూర్చుండుటకు కాదు. నిలిచిన నీరును నిశ్చలమే, లోతైన నదియు నిశ్చలమే. మొదటిది కొంతకాలమునకు క్రుళ్లును, రెండవది పొలములను తడుపును.

ఆయన పొందిన శాంతి ఎట్టిదో 1743 అక్టోబరు 20న వెడ్నెస్‌బరీ పట్టణమున తెలిసెను. ఆయన బోధను ద్వేషించిన ఒక అల్లరిమూక ఆయన యున్న యింటిని చుట్టుముట్టెను. ఆయన వారి నాయకుని లోనికి పిలిపించి మాటాడి శాంతింపజేసి, తరువాత తానే వెలుపలికి వచ్చి వారి నడుమ నిలిచి, తననుండి ఏమి కోరుచున్నారని యడిగెను. చీకటిలో, వానలో, న్యాయాధికారుల ఇండ్ల చుట్టు ఆయనను త్రిప్పిరి. వాల్సాల్ చేరునప్పటికి మరియొక మూక వచ్చి పడెను. రొమ్మున నొక దెబ్బ, నోటిమీద నొక దెబ్బ తగిలెను. ఒకడు పెద్ద కఱ్ఱతో పలుమారు కొట్టబోయి గురి తప్పెను. ఇంత జరుగుచుండగా తన మనస్సు పఠన మందిరమున కూర్చున్నట్లే నెమ్మదిగా నుండెనని ఆయన వ్రాసియున్నాడు. ఒక్కసారి మాత్రము, వీరు నన్ను నదిలోనికి త్రోసినచో జేబులోని కాగితములు తడిసిపోవునే యని తోచెనట! తుదకు ఆ మూకకు నాయకుడైనవాడే ఆయనకు రక్షకుడై, తన ప్రాణమైనను ఇత్తునని ముందునకు వచ్చి, దారి చేసి తప్పించెను. సిమ్మండ్స్ ఓడలో అలను చూచి వణకిన మనుష్యుడే ఈయన. ఆ నడుమ గడచినవి ఎనిమిదేండ్లు కూడ కావు.

శాంతి బలముగా మారు విధము ఈ ఉదంతమున స్పష్టముగా గోచరించును. మొదటిది, తన్ను తాను కాపాడుకొనవలెనను ఆత్రుత లేనివానికి ఎదుటివానిని చూచుటకు తీరిక దొరకును. వెస్లీ ఆ మూకలో శత్రువులను కాక మనుష్యులను చూడగలిగెను గనుకనే వారి నాయకునితో మాటాడగలిగెను. రెండవది, భయము బుద్ధిని కప్పును. శాంతి దానిని తేటపరచును. ఎప్పుడు మాటాడవలెనో, ఎప్పుడు మౌనము వహింపవలెనో తేటయైన బుద్ధికే తెలియును. మూడవది, కోపమునుండి పుట్టిన బలము గడ్డిమంట. త్వరగా లేచి త్వరగా ఆరును. శాంతినుండి పుట్టిన బలము చాలకాలము నిలుచును. వెస్లీ అర్ధశతాబ్దికి పైగా, సుమారు రెండున్నర లక్షల మైళ్లు, ఎక్కువ భాగము గుఱ్ఱముపై తిరిగి బోధించెనని చరిత్రకారులు చెప్పుదురు. ఎనుబదియేడవ యేట, 1791 మార్చి 2న కన్నుమూసెను.

ఐనను ఒక కఠినమైన ప్రశ్న మిగిలియున్నది. అంతశ్శాంతి మనుష్యుని అన్యాయము నెదుట మౌనిగా చేయదా? ఈ భయము నిరాధారము కాదు. సెయింట్ థామస్ ద్వీపమునకు 1732లో సువార్త కొనిపోయిన మొరేవియన్ సహోదరులు నీగ్రో బానిసల నడుమ కూర్చుండి వారిని ప్రేమించిరి. కాని వారి సంఘమే తరువాత బానిసల చాకిరితో తోటను సాగుచేయించెను. తుపానును గెలిచిన శాంతి, సంకెలల చప్పుడును వినలేకపోయెను. అట్టిదానిని పూర్ణశాంతి యనుటకు వీలులేదు. షాలోమ్ అను మాటలో అందరి కొరతయు తీరుట యను నర్థము కలదు గదా! వెస్లీ 1774లో బానిసత్వమును ఖండించుచు ఒక పుస్తకము ప్రకటించెను. మరణమునకు ఆరు దినములు ముందు, 1791 ఫిబ్రవరి 24న, బానిస వర్తకమును రద్దుచేయించుటకు పాటుపడుచున్న విల్బర్‌ఫోర్స్‌ను ప్రోత్సహించుచు లేఖ వ్రాసెను. ఆ వర్తకము బ్రిటిషు చట్టము వలన 1807లో నిషిద్ధమయ్యెను. శాంతి గలవాడే అన్యాయమును ద్వేషము లేక, అలసట లేక ఎదిరింపగలడు. అన్యాయమును చూచి కలత చెందని మనస్సులో నున్నది శాంతి కాదు, నిద్ర.

దుఃఖము విషయముననుగూడ ఇట్లే గ్రహింపవలెను. శాంతి గలవాడు ఏడువకూడదని క్రైస్తవ మతము చెప్పదు. లాజరు సమాధియొద్ద యేసు కన్నీరు విడిచెను. గెత్సేమనే తోటలో ఆయన ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగెను. ఆ తోటలో ప్రార్థించి లేచిన పిమ్మట తన్ను పట్టుకొనవచ్చిన వారి కెదురుగా తానే నడచెను. కన్నీటికిని శాంతికిని విరోధము లేదు. ఇంట మరణము సంభవించినప్పుడు, బిడ్డ వ్యాధిగ్రస్తుడైనప్పుడు, పంట పోయినప్పుడు ఏడ్చుట అవిశ్వాసము కాదు. ఏడ్చి, ముఖము కడిగికొని, ఆ పూట చేయవలసిన పనిని చేయుటకు లేవగలుగుటయే ఆ శాంతికి గుర్తు.

ఈ ఉదంతమునకును మన తెలుగు దేశమునకును సంబంధము లేకపోలేదు. వెస్లీ బోధనుండి వెలసిన మెథడిస్టు సంఘమువారు పందొమ్మిదవ శతాబ్దిలో హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ నాయకత్వమున వారు నిర్మించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. కరవు దినములలో ఆకలిగొన్న జనులకు పని కల్పించి, కూలిగా తిండి పెట్టి, ఆ కట్టడమును సాగించిరి. సుమారు 175 అడుగుల ఎత్తైన దాని గోపురమును చూచువారు, ఆ రాళ్ల క్రింద ఆకలికి చేయి చాచిన వారి చెమటయు, ఆ చేతికి పనియిచ్చిన వారి నిబ్బరమును గలవని తలంపవలెను. కరవులోను దేవాలయము కట్టవచ్చునని తలంచుటకు కొంత శాంతి కావలెను. ఆ దేవాలయమువలన పేదలకు అన్నము పెట్టవచ్చునని తలంచుటకు మరికొంత కావలెను.

చివరకు, మన యింట ఈ శాంతిని పెంపొందించుట ఎట్లు? హెర్న్‌హూట్ వారు చూపిన దారి గొప్ప పండితులకు మాత్రమే సాధ్యమైనది కాదు. ఉదయమున ఒక్క వాక్యమును ఇంటిల్లిపాదియు విని, దానిని దినమంతయు మనస్సున నుంచుకొనవచ్చును. పని నారంభింపకముందు ఐదు నిమిషములు మౌనముగా దేవుని యెదుట కూర్చుండవచ్చును. రేడియో గలవారందరు ఎరిగిన సంగతి యొకటి కలదు: గరగర శబ్దము వచ్చుచున్నదనగా ప్రసారము ఆగిపోయినదని కాదు, ముల్లు సరియైన చోట నిలువలేదని. మౌనమనగా ఆ ముల్లును నెమ్మదిగా సరియైన చోటికి త్రిప్పుకొనుటయే. అటుపిమ్మట, మాట పట్టింపు వచ్చిన అన్నదమ్ములతోగాని, తోడికోడలితోగాని, పొరుగువారితోగాని ప్రొద్దు గ్రుంకకముందు సమాధానపడవలెను. పగను దాచుకొన్న యింటిలో ప్రార్థన నిలువదు. ఎవరును మెచ్చని చిన్నపని యొకటి ప్రతి దినము ఇతరులకొరకు చేయవలెను. వారమున కొక్కసారియైనను ఇంటివారందరు కూడి ఒక కీర్తన పాడవలెను. కంఠము బాగుండనవసరము లేదు.

ఇవన్నియు అల్పముగా తోచును. తుపాను లేని దినములలో అవి అవసరమే లేనట్లు గూడ కనబడును. కాని ఆనాడు అట్లాంటిక్ సముద్రమున తెరచాప చినిగినప్పుడు ఆ స్త్రీలను, పిల్లలను నిలిపినవి ఇట్టి అల్పములే. తుపాను ఎప్పుడు వచ్చునో మన చేతిలో లేదు. ఈ సాయంకాలము ఏమి పాడవలెనో, ఎవరిని క్షమింపవలెనో మన చేతిలోనే యున్నది.